ఫోస్టర్ కేర్‌లో వచ్చిన బాబు తిండి దాచుకుంటున్నాడు, ఊరికే అరుస్తున్నాడు. ఏం చేయాలి?

మీది నల్గొండ అని, ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా, కొంతకాలం ఇంట్లో పెట్టుకుని పెంచడం) కింద వచ్చిన ఎనిమిదేళ్ల బాబును, ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ సమితికి తిరిగి అప్పగించమని ఇంట్లోవాళ్లు అంటున్నారని రాశారు. దయచేసి తొందరపడకండి అక్కా.

మాది మహబూబ్‌నగర్. మా దగ్గరికీ ఆ వయసు బాబే వచ్చాడు. అమ్మానాన్నలు వలస పోయిన చోటే దూరమయ్యారు. తర్వాత చుట్టాల ఇళ్లు, ఆపైన పిల్లల హోమ్. పక్క దులిపితే దిండు గలీబులోంచి ఎండిన జొన్నరొట్టె ముక్కలు రాలేవి. మేం ఏమీ అనకుండా, వాడి చేతికందే అరలో ఒక డబ్బా పెట్టాం. రొట్టె, పల్లీలు, బెల్లం అందులో ఎప్పుడూ ఉండేవి. "ఇది నీది, ఎవరూ ముట్టరు" అని చెప్పాం. రాత్రి లేచి మూత తీసి, ఉన్నాయో లేదో చూసుకుని, ఏమీ తినకుండానే పడుకునేవాడు. దాచుకోవడం మెల్లగా తగ్గింది.

అటక మీది బ్యాగు దించితే చాలు, మంచం కిందికి దూరేవాడు. తనను ఇంకోచోట వదిలేసి వస్తామని భయం. అందుకే ఏ ఊరు పోతున్నామో, ఎప్పుడు తిరిగొస్తామో ముందురోజే చెప్పి, వాడి బట్టలు వాడితోనే సర్దించేవాళ్లం. "జర బెదిరిస్తేనే మాట వింటడు" అని చుట్టాలు చెప్తారు, వినకండి. "హాస్టల్‌లో వేస్తా" అంటే ఇన్ని ఇళ్లు మారిన పిల్లాడు నిజంగానే నమ్ముతాడు.

వ్యవస్థలో ఏం మారాలని కూడా అడిగారు. ఫోస్టర్ కేర్‌కు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది, కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయమూ ఉంది. డబ్బు అవసరమే. కానీ మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టింది, బాబు గురించి మాకేమీ తెలియకపోవడం. ఏ చప్పుడుకు ఉలిక్కిపడతాడు, ఎవరి పేరెత్తితే ఏడుస్తాడు, అక్కాచెల్లెళ్లు ఎక్కడున్నారు? పిల్లలకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలని చట్టమే చెప్తోంది. ఇవన్నీ అందులో రాసి, బిడ్డ గడప తొక్కకముందే పెంచేవాళ్లకు వివరించాలి. మొదటి నెలల్లో కౌన్సెలర్ ఇంటికే రావాలి. ఇల్లు శుభ్రంగా ఉందా, రిజిస్టర్‌లో సంతకం అయిందా అని చూసి పోతే ఎవరికీ లాభం లేదు. పక్కన కూర్చుని, ఈ అరుపు ఎందుకొస్తోందో, అప్పుడు మనమేం చేయాలో చెప్పాలి. స్కూల్ టీచర్‌తోనూ వాళ్లే మాట్లాడాలి. లేకపోతే అక్కడ వాడికి "అల్లరోడు" అనే పేరు పడిపోతుంది.

మీరు ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లి, ఆ ప్రణాళిక చూపించమని, కౌన్సెలర్‌ను పంపమని రాతపూర్వకంగా అడగండి. కదలకపోతే నేరుగా సమితికి దరఖాస్తు ఇవ్వండి. ఏ వేళైనా టెన్షన్ తట్టుకోలేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. బాబుకు ప్రమాదం అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

కౌన్సెలర్ వచ్చినప్పుడు మీ ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టండి. మా అత్తమ్మ అలా విన్న తర్వాతే బాబును వెనకేసుకురావడం మొదలుపెట్టింది.