ఎలక్ట్రిక్ గిటార్‌పై సన్నని గీతలు దేనివల్ల పడుతున్నాయి?

ప్రశ్న ఇది: చెన్నైలో రెండు నెలల కిందట కొన్న గిటార్, జాగ్రత్తగానే వాడుతున్నా వెంట్రుకల్లాంటి గీతలు పడుతున్నాయి. ఎందుకు?

గీత ఎక్కడుందో చూస్తే సగం జవాబు దొరికినట్టే. లైటు ఆర్పి, ఫోన్ టార్చిని బాడీ మీదుగా బాగా ఏటవాలుగా వేయండి. వెనకవైపు మధ్యలో ఉంటే బెల్టు బకిల్, షర్టు గుండీలు. తీగల కింద అయితే పిక్ (తీగలు మీటే చిన్న ముక్క), గోళ్లు. ముంజేయి ఆనే అంచున అయితే వాచీ, కడియం.

టార్చి వెలుగు చుట్టూ సాలెగూడులా గుండ్రంగా మెరిస్తే మాత్రం కారణం మీరు తుడిచే తీరే. చెన్నై ఉక్కలో చెమట ఆరి ఉప్పు మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువులే ఫినిష్‌ను, అంటే మెరిసే పైపూతను గీస్తాయి. ముందు దుమ్ము ఊదేసి, మైక్రోఫైబర్ గుడ్డను కాస్త తడిపి, నొక్కకుండా తుడవండి. వెంటనే ఇంకో పొడి మైక్రోఫైబర్‌తో తడి అద్దండి. గుడ్డ కింద పడితే ఉతక్కుండా మళ్లీ వాడొద్దు.

గీతలు పిక్‌గార్డ్ (పిక్ తగలకుండా తీగల పక్కన బాడీకి బిగించే పలక) మీదే ఉంటే అంచును గోటితో లేపి చూడండి. ఫ్యాక్టరీలో అతికించిన పలుచని ప్లాస్టిక్ పొర ఇంకా తీసి ఉండకపోవచ్చు, గీతలు దానివే కావచ్చు.

అడ్డంగా గోరు జరిపితే తట్టుకుని ఆగే గీత లోతైనది, మామూలు పాలిష్‌తో పోదు.