ఆసుల జత వచ్చినా చిప్స్ రావట్లేదన్న అన్నకి

అన్నా, కావలిలో మీ ఫ్రెండ్స్ పోకర్ టేబుల్ మీద ఆసుల జత వస్తే రైజ్ చెయ్యకుండా (పందెం పెంచకుండా) దాస్తుండానన్నావు, ఐదుగురూ చౌకగా ఫ్లాప్ (కింద మొదట తెరిచే మూడు కార్డులు) చూసేసి ఆఖర్న ఎవడో చిన్న రెండు జతలతో కొట్టేస్తుండాడన్నావు. ఆ దాచడమే కొంప ముంచేది. ఏ కార్డులొచ్చినా కాల్ కొట్టే (ఎదుటోడి పందేనికి సమానంగా వేసే) బాపతోళ్లకి ట్రాప్ ఎందుకన్నా, వాళ్లు నీ చేతిలో ఏముందో ఆలోచిస్తే గదా!

ఫ్లాప్‌కి ముందే గట్టిగా రైజ్ చెయ్, మామూలుగా 3 బ్లైండ్లు (కార్డులు పంచకముందే వేసే పెద్ద పందేనికి మూడింతలు) పెట్టే చోట 5, 6 పెట్టు, ముందే కాల్ చేసినోళ్లు ఉంటే మనిషికి ఇంకోటి కలుపు, ఎందుకంటే ఏవో కార్డులున్న ఒక్కడి మీద ఆసులు 85 శాతం గెలుస్తాయి, అదే ఐదుగురు ఉంటే 49 దగ్గరికి పడిపోద్ది.

సెట్ (చేతిలో జతకి కింద మూడోది) పడి కింద రెండు ఇస్పేట్లు ఉంటే పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్‌లో) ముప్పాతిక వంతు బెట్ చెయ్, ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు) కోసం చూసేవాడికి తర్వాతి కార్డులో తగిలేది 19 శాతమే, అయినా కాల్ చేస్తాడు, చెయ్యనీ. టర్న్‌లోనూ (నాలుగో కార్డు తెరిచాక) ఆపొద్దు. రివర్‌లో (ఆఖరిదైన ఐదో కార్డు తెరిచాక) కూడా టాప్ పెయిర్ (కింద ఉన్నవాట్లో పెద్ద కార్డుతో జత), మంచి కిక్కర్ (జత కాని పక్క కార్డు) ఉంటే సగం పాటన్నా అడుగు, చిన్న జతతో కూడా చూద్దామని వచ్చేస్తారు.

బ్లఫ్ (కార్డుల్లేకపోయినా ఉన్నట్టు పందెం పెట్టడం) మాత్రం వద్దే వద్దు, ఫోల్డ్ చెయ్యనోడి (కార్డులు పడెయ్యనోడి) మీద బ్లఫ్ ఏంది.

అప్పటిదాకా కాల్ కొడతా కూర్చున్నోడు రివర్‌లో ఉన్నట్టుండి రైజ్ చేశాడా, ఒక్క జతే ఉంటే పడేసెయ్.

ఆన్‌లైన్‌లో డబ్బులకి ఆడటం మన ఆంధ్రాలో 2020 నుంచే నిషేధం, మీరు ఉత్త చిప్స్‌కే గదా, అట్టాగే కానీండి.