రేపు రమ్మని రాసిన తలుపు

పర్లాకిమిడి

తల్లీ,

గుణుపురం బండిలో మీ అన్నయ్య నీ నవల తెచ్చి ఇచ్చి పది రోజులైంది. నవల రెండుసార్లు చదివాను. దానితో పెట్టిన ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే నవలలో కంటే ఆ ఉత్తరంలోనే నువ్వు ఎక్కువ కనిపించావు.

"పిన్నీ, మంచి సాహిత్యం చదవాల్సిన టైంలో ఆ రక్తపిశాచుల సిరీస్‌నే నాలుగోసారి మొదలుపెట్టాను, సిగ్గుగా ఉంది" అని రాశావు. ముందు ఆ సిగ్గు సంగతి తేల్చేద్దాం. అమెరికా రచయిత్రి షార్లేన్ హారిస్ 2001 నుంచి 2013 దాకా రాసిన ఆ 13 నవలలూ నేను మూడుసార్లు చదివాను. మూడోసారి మా అమ్మ పోయిన ఏడాది. కొత్త పుస్తకం ఏది పట్టుకున్నా మనసు నిలవలేదు. లూసియానాలోని ఆ చిన్న ఊళ్ళో, బార్‌లో ప్లేట్లు మోసే కథానాయిక సూకీ దగ్గరికి వెళ్తే నిలిచింది. అప్పుడే నాకు ఒక సంగతి తెలిసింది. ఇష్టమైన పుస్తకాన్ని మొదటిసారి చదివినప్పుడు మనం కథ వెనకాల పరిగెడతాం. మళ్ళీ చదివినప్పుడే రచయిత చేతులు కనిపిస్తాయి.

మొదటి నవలలో సూకీ మామ్మ గుర్తుంది కదా. మనవరాలు రక్తపిశాచిని చూశానని చెప్తే ఆవిడ భయపడదు. 1860ల నాటి అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినంత పాతవాడైతే, మా సంఘంలో ఆ రోజుల గురించి మాట్లాడతాడేమో అడుగు అంటుంది. మొదటిసారి అక్కడ నాకు నవ్వొచ్చింది, పేజీ తిప్పేశాను. అదే మామ్మ కొన్ని అధ్యాయాల తర్వాత తన వంటింట్లో హత్యకు గురై కనిపిస్తుంది. అప్పుడు కూడా చంపింది ఎవరా అన్న ఆత్రమే తప్ప ఆవిడ కోసం నేను ఆగలేదు. మూడోసారి మామ్మ నోరు తెరిచిన ప్రతిసారీ గుండె బరువెక్కింది. ఆవిడకి మిగిలింది కొన్ని రోజులేనని నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. ఆ హంతకుడు కూడా కథ మొదట్నుంచీ ఆ బార్‌కి వచ్చిపోయే మనిషే. రచయిత్రి అతన్ని ఎక్కడా దాచలేదు, మన కళ్ళ ముందే కూర్చోబెట్టింది. ఇది ఒక్క చదువులో పట్టుబడే విద్య కాదమ్మా. కాబట్టి నాలుగోసారి చదువు, ఐదోసారీ చదువు. చివరి నాలుగైదు పుస్తకాల్లో పాత్రలు ఎక్కువై కథ కాస్త నీరసించిందని నా అభిప్రాయం. వాటిని కూడా వదలకు, ఎక్కడ పట్టు జారిందో చూడు.

ఇక నీ నవల. వాక్యం నీకు బాగా వచ్చు. భయం పుట్టించడం కూడా తెలుసు, ఆ చెరువు గట్టు సీను చదివిన రాత్రి నేను పెరటి తలుపు రెండుసార్లు చూసుకున్నాను. కానీ ఆ సిరీస్ నుంచి నువ్వు తెచ్చుకున్నది కోరలు, నల్ల కోటు, నియాన్ దీపాలు. నన్నూ నిన్నూ అక్కడ కూర్చోబెట్టింది అవి కావు.

ఆ రక్తపిశాచి బిల్ పాత సైనికుడు. అతను తన పూర్వీకుల ఇల్లు బాగు చేయించుకోవాలనుకుంటాడు. పనివాళ్ళు దొరకరు. పగలు అతను లేవలేడు, రాత్రి వాళ్ళు రారు. ఆ ఫోన్లు నేను చేసిపెడతానంటుంది సూకీ. వందేళ్ళు దాటిన పిశాచికి ఇల్లు బాగు చేసేవాళ్ళు దొరకని ఇబ్బంది! ఆ ఒక్క ఇబ్బందితో నేను అతన్ని నమ్మేశాను. సూకీకి షిఫ్టులు ఉంటాయి, టిప్పులు ఉంటాయి, తుడవాల్సిన టేబుళ్ళు ఉంటాయి. లోకం తలకిందులైనా మర్నాడు డ్యూటీకి వెళ్ళాలి. నీ నవల 180 పేజీల్లో నీ కథానాయిక ఏం పని చేసి బతుకుతుందో ఒక్క చోట కూడా లేదు. అద్దె ఎవరు కడుతున్నారు? అన్నం ఎప్పుడు తింటుంది? ఇవి చిన్న ప్రశ్నలని అనుకోకు. అసాధ్యమైన దాన్ని నమ్మించాలంటే దాని పక్కన అన్నం గిన్నె ఉండాలి.

రెండోది, కట్టుబాటు. ఆ పుస్తకాల్లో పిలవకుండా రక్తపిశాచి గడప దాటలేడు. పిలిచిన మనిషి ఆ పిలుపు వెనక్కి తీసుకుంటే ఆగనూ లేడు. మూడో పుస్తకం చివర సూకీ ఆ పని చేస్తుంది, ఇంట్లో ఉన్న రక్తపిశాచులు బయటికి నడవక తప్పదు. ఒంట్లో ఎంత బలం ఉన్నా ఒక ఆడపిల్ల నోటి మాటకి లొంగాల్సిందే. ఆ సీను చదివిన ప్రతిసారీ నేను నిటారుగా కూర్చుంటాను. నీ పిశాచి ఒకచోట గోడలోంచి వస్తాడు, ఇంకోచోట తాళం చూసి ఆగిపోతాడు. దేనికి ఆగుతాడో నీకే తెలియనప్పుడు చదివేవాళ్ళకి టెన్షన్ ఎక్కడినుంచి వస్తుంది? బేతాళుడి కథ తీసుకో. విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. ఆ రెండు షరతుల మీద అన్ని కథలూ నిలబడ్డాయి.

మనకి గడప కట్టుబాటు లేదా? నా చిన్నప్పుడు మా వీధిలో ప్రతి తలుపు మీదా బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసి ఉండేది. ఆవిడ రాత్రిపూట తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, తలుపు తీస్తే అంతేనని చెప్పేవాళ్ళు. ఆ రాత చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే చదువుకుంటుంది. మా మామ్మ మాత్రం తెలుగులో రాయించి ఊరుకోలేదు. పక్కింటి ఒడియా మాస్టారిని బతిమాలి దాని కిందే ఒడియాలోనూ రాయించింది. "ఆవిడ ఏ భాష చదువుకుందో ఎవరికి తెలుసే" అంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మన ఊళ్ళు ఒడిశా వైపు ఉండిపోయాయి. ఆ సంగతి గురించి నేను చదివిన వ్యాసాలన్నిటి కంటే మా మామ్మ తలుపే నాకు ఎక్కువ చెప్పింది.

నువ్వు కూడా సూకీలా మనసులు వినే అమ్మాయినే తీసుకున్నావు. తప్పేం లేదు. కానీ ఆ మనసులు ఏ భాషలో ఉన్నాయి? మీ గుణుపురం బజారులో నిలబడు. ఆఫీసులో ఒడియా మాట్లాడి వచ్చినాయన కొట్లో తెలుగులో బేరమాడతాడు. కొండ మీద నుంచి పసుపు, చింతపండు తెచ్చిన సవర ఆవిడ నీతో తెలుగులో ధర చెప్తుంది, మనసులో లెక్క మాత్రం తన భాషలో కట్టుకుంటుంది. ఇంకా ఎవరు ఏ భాషలో లెక్కపెడతారో, ఏ భాషలో తిట్టుకుంటారో, ఏ భాషలో ఏడుస్తారో నీ కథానాయికకి తెలిసిపోతుంది. సూకీకి రక్తపిశాచుల మనసులు వినిపించవు, అందుకే వాళ్ళ పక్కన ఆమెకి ప్రశాంతంగా ఉంటుంది. ఇన్ని భాషల రొద నడుమ పెరిగిన పిల్లకి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో లూసియానాలో ఎవరూ రాయలేరు. నువ్వు రాయగలవు.

ఒక్క జాగ్రత్త చెప్తాను, ఇది గట్టిగా చెప్తున్నాను. ఏడో అధ్యాయంలో సవరవాళ్ళ పూనకాన్ని భయపెట్టడానికి వాడుకున్నావు. అది తీసెయ్యి. పూనకంలో ఉన్న మనిషి నోట చనిపోయినవాళ్ళు మాట్లాడితే ఇంట్లోవాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో వాదిస్తారు, ఏడుస్తారు, ఎందుకు పోయావని అడుగుతారు. వాళ్ళకి ఆ వచ్చింది దెయ్యం కాదు, చుట్టం. దాన్ని రాయాలనుకుంటే ముందు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చో, వాళ్ళ భాష నేర్చుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఈ ఊరి బడిలో ఉద్యోగానికి చేరి, సవర మాట్లాడేవాళ్ళ దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. ఏళ్ళ తరబడి దాని మీదే పనిచేశారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అంత కాలం పెట్టినాయన ఊరి పక్కన మనం తొందరపడకూడదు.

ఒడియా మీడియంలో చదివాను, నా తెలుగు పుస్తకాల తెలుగులా ఉండదు అని కూడా రాశావు. మాట్లాడే భాషలోనే రాయనివ్వండని ఆ పంతులుగారే పట్టుబట్టి పోరాడారు. మీ ఇంట్లో మాట్లాడే తెలుగు దిద్దకు. నీ మొదటి అధ్యాయంలో అచ్చు పత్రికల భాష కోసం పెట్టిన మాటల కింద పెన్సిల్‌తో గీత గీశాను. గీతలు 40 దాటాయి, చూసి బెంగపడకు.

ఈసారి ఆ సిరీస్ చదివేటప్పుడు పక్కన నోటుబుక్ పెట్టుకో. ప్రతి అధ్యాయంలో సూకీ చేతులు ఏం పని చేస్తున్నాయో ఒక్క ముక్క రాసుకో. మొదటి రెండు పుస్తకాలకి చేస్తే చాలు. తర్వాత నీ నవల మొదటి పేజీకి రా. దాన్ని పబ్‌లో మొదలుపెట్టకు. బస్టాండు దగ్గర రీచార్జి కొట్టు కావచ్చు, బట్టల కొట్టు కావచ్చు, నీకు బాగా తెలిసిన కౌంటర్ వెనకాల ఆ అమ్మాయిని నిలబెట్టు. షట్టరు సగం దించాక ఎవరో వచ్చి "లోపలికి రావచ్చా" అని అడుగుతాడు. ఏ భాషలో అడుగుతాడో నువ్వు తేల్చుకో.

నీ నవల శనివారం బండిలో తిరిగి పంపిస్తున్నాను, మీ అన్నయ్యని స్టేషన్‌కి రమ్మను. సంచిలో మూడో పుస్తకం కూడా పెట్టాను, నీ దగ్గరున్న దాంట్లో చివరి పేజీలు చిరిగాయన్నావు కదా. మీ మామ్మగారిని అడిగినట్టు చెప్పు. మీ పాతింటి తలుపు మీద రాత ఉండేదేమో, ఉంటే ఎవరు రాశారో ఆవిడని అడిగి నాకు రాయి.

ఆశీస్సులతో
మీ పిన్ని