గుర్రాల ట్రైలర్‌కి అంటుకున్న పురుగులు: గీకకండి, నానబెట్టండి

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి రాత్రి ప్రయాణంలో ట్రైలర్ ముందు రేకంతా పురుగులు కొట్టుకుని ఎండిపోయాయని, రెండు రోజులైందని, ఇనుప పీచుతో రుద్దొచ్చా అని అడిగారు. దయచేసి రుద్దకండి. ఆ పొరపాటు నేను చేశాను.

మేము యలహంక దాటాక ఉంటాం. మాది రెండు గుర్రాలు పట్టే ట్రైలర్. ముందు భాగానికి పెయింట్ ఉంది, పక్కలు ఉత్త అల్యూమినియం రేకు. కొన్న ఏడాది అనంతపురం నుంచి గుర్రాన్ని తెస్తున్నాం. తొలకరి పడిన మర్నాటి రాత్రి, ఉసిళ్లు లేచే కాలం. పెనుకొండ దాకా వడగళ్లు పడ్డట్టు కొడుతూనే ఉన్నాయి. ట్రైలర్‌లో, దాన్ని లాగే బండి కంటే ఎత్తుగా ఉండే భాగానికే ఎక్కువ తగులుతాయి. తెల్లారి ఇనుప పీచుతో అరగంటలో శుభ్రం చేసేశాను. పెయింట్ మీద సన్నటి గీతలు అప్పుడే కనిపించాయి. పది రోజులకి అల్యూమినియం మీద ఎర్రటి తుప్పు చుక్కలు వచ్చాయి. అల్యూమినియంకి తుప్పేమిటని టెన్షన్ పడ్డాను. పీచు నుంచి రాలిన ఇనుప తునకలు రేకులో ఇరుక్కుని తుప్పు పట్టాయి. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

పురుగు ఒంట్లోంచి వచ్చేది చాలావరకు మాంసకృత్తులే. కోడిగుడ్డు సొన గిన్నెకి ఎండి పట్టినట్టే ఇదీ పడుతుంది. ఆ గిన్నెని మనం గీకం కదా, నానేస్తాం. మరిగే నీళ్లు పోస్తే సొన ఇంకా గట్టిపడుతుంది, ఇక్కడా అంతే. గోరువెచ్చని నీళ్లు చాలు.

నాకు ఈ పద్ధతి అలవాటైంది 2024 వేసవిలో. ఆ మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో బళ్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. మా బోరులో కూడా నీళ్లు సన్నగా వచ్చేవి. పైపు పెట్టి కడిగే మాటే లేదు. రెండు బకెట్ల బోరు నీళ్లు, నాలుగు పాత తువ్వాళ్లు, కారు షాంపూ, అంతే. తువ్వాలుని షాంపూ నీళ్లలో ముంచి, కారేలా ఉండగానే రేకుకి అతికించి పావుగంట వదిలేయాలి. ఆరుతుంటే మళ్లీ తడపాలి. తీసేటప్పుడు చూడండి, ఉసిళ్ల రెక్కలు తువ్వాలు నూలుకే పట్టుకుని వచ్చేస్తాయి. రేకు మీద పసుపు మరక మిగులుతుంది. దాన్ని మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో, బొటనవేలి ఒత్తిడితో తుడిస్తే చాలు. రాకపోతే ఇంకోసారి నానబెట్టండి, గట్టిగా మాత్రం రుద్దొద్దు. ఎండలో కాలుతున్న రేకు మీద చేయొద్దు, షాంపూ ఆరి మచ్చలవుతుంది. మా బోరు నీళ్లు కఠినం, అలా ఆరనిస్తే తెల్లటి చుక్కలు పడతాయి, అందుకే కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడుస్తాను.

మెరుపు తెస్తుందని అమ్మే యాసిడ్ ద్రవాలు, బాత్‌రూమ్ యాసిడ్, వాషింగ్ సోడా ఏవీ ముట్టించకండి. అల్యూమినియం యాసిడ్‌కీ దెబ్బతింటుంది, క్షారానికీ దెబ్బతింటుంది. రేకు మసకబారి తెల్లమచ్చలు పడితే మళ్లీ నిగనిగలాడించడం చాలా కష్టం. ఆ మెరుపు ద్రవాల్లో కొన్నిటిలో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, అది చర్మానికి తగిలితే ప్రమాదం. కిరోసిన్‌తో మరక పోతుందని చాలామంది చెబుతారు. పోతుంది కూడా. కానీ జిడ్డు మిగిలి దుమ్ము పడుతుంది, పైగా ఆ వాసన గాలి కిటికీల్లోంచి లోపలికి పోతుంది. మా ఆడగుర్రం ప్రయాణమంతా ఆ కిటికీ దగ్గరే ముక్కు పెట్టుకుని నిలబడుతుంది. గుర్రం దించేశాక, గడ్డి వల బయటికి తీశాక మాత్రమే నేను నీళ్లు ముట్టుకుంటాను. కిటికీల చుట్టూ మంచినీళ్లతో రెండుసార్లు తుడుస్తాను.

శుభ్రమయ్యాక ముందు భాగానికి కారు వ్యాక్స్ పట్టించండి. తర్వాతి ప్రయాణంలో పురుగులు పడ్డా అంత గట్టిగా పట్టవు, నానబెట్టే సమయం తగ్గుతుంది. వరి కోతల కాలంలో, తొలకరిలో బయల్దేరే ముందు నేను ఇది తప్పనిసరిగా చేస్తాను.

రెండు రోజులే అయిందన్నారు కాబట్టి ఇంకా తేలిగ్గానే వస్తాయి. ఈ సాయంత్రం రేకు చల్లబడగానే తువ్వాళ్లు తడపండి.