మద్రాసులో గాలి మళ్ళే వేళ

వెస్ట్ మాంబళం,
ఏప్రిల్ మొదటి వారం.

చి.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఒకవైపు పాప పేచీ, ఇంకోవైపు బాబు ఏడుపు, మధ్యలో నీ గొంతు. "గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, ఎండ నాకేం కొత్త కాదు. అయినా ఇక్కడ పిల్లలూ నేనూ ఇలా సోలిపోతున్నామేం పెద్దమ్మా?" అన్నావు. ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇద్దరు పిల్లల్ని ఈ ఊళ్ళోనే పెంచినదాన్ని కనుక నాకు తెలిసినంతా రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

గుంటూరు ఎండ వేరు, మద్రాసు ఎండ వేరు. అక్కడ 44 డిగ్రీలు కాసినా పట్టిన చెమట పట్టినట్టే ఆరుతుంది, ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ 37 డిగ్రీలే ఉన్నా గాలి నిండా సముద్రపు తడి. చెమట ధారగా కారుతుందే గాని ఆరదు. ఒంట్లో నీళ్ళు పోతాయి, చల్లదనం మాత్రం రాదు. పసిపిల్లలకి ఇది మనకంటే త్వరగా తగులుతుంది. అల్లుడు అంత దూరం నుంచి లారీలో వేయించుకొచ్చిన కూలర్ ఇక్కడ ఎందుకు పనిచెయ్యట్లేదో ఇప్పుడు అర్థమైందా? తడిగాలికి అది ఇంకాస్త తడి కలుపుతుంది. గదంతా జిడ్డు, పిల్లల వీపు నిండా చెమటకాయలు. దాన్ని అటకెక్కించండి.

ఈ ఊరిని కాపాడేది సముద్రపు గాలి. పొద్దుటినుంచీ నేల కాగి కాగి, దాని మీది గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య తీరాన్ని తాకుతుంది. బీసెంట్ నగర్ వాళ్ళకి ముందు, మీ వేలచ్చేరికి కాస్త ఆలస్యంగా. అది రాకముందు ఇల్లు మూసెయ్యాలి, వచ్చాక తెరవాలి. నలభై ఏళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న ఎండాకాలం కిటుకు ఇదొక్కటే అనుకో. నువ్వు పొద్దున్న లేవగానే అన్ని కిటికీలూ తీసి, సాయంత్రం దోమలొస్తాయని అన్నీ మూసేస్తున్నానన్నావు. ఆ పద్ధతి మార్చాలి. ఎనిమిదిన్నరకల్లా తూర్పు, పడమర కిటికీలకి తెరలు దించు. గాలి మళ్ళాక తూర్పువైపు తెరిచి, ఎదురుగా ఇంకో కిటికీ కూడా కొంచెం తెరువు. గాలి లోపలికి వస్తే చాలదు, బయటికి పోయే దారి కూడా ఉండాలి. దోమలకి కిటికీలకి మెష్ కొట్టించు. ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

గాలి మళ్ళిందని ఎలా తెలుస్తుందంటావా? బాల్కనీలో ఆరేసిన బట్టల్ని చూడు. పొద్దున సముద్రంవైపు ఊగుతున్న లంగా మధ్యాహ్నం పడమటివైపు ఊగడం మొదలుపెడితే గాలి వచ్చినట్టే. పాపకి ఆ కాపలా పని అప్పజెప్పు. నాలుగున్నరేళ్ళ పిల్లకి అంతకంటే మంచి ఉద్యోగం ఏముంది?

కొన్ని రోజులు గాలి రాదు. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఒడ్డునే ఆపేస్తుంది. ఆ రోజు 41, 42 దాటుతుంది. 2003 మే 31న ఇక్కడ 45 డిగ్రీలు కాసింది. ఆ మధ్యాహ్నం మా వంటింటి కుళాయి నీళ్ళలో చెయ్యి పెట్టలేకపోయాను. అలాంటి రోజు మొండికెయ్యకుండా ఒక్క గది మూసి ఏసీ వేసుకో. 26 మీద పెట్టి, ఫ్యాన్ సన్నగా తిప్పు. బాబు మంచం మీదికి గాలి సూటిగా కొట్టకుండా చూడు. మే 4 నుంచి 28 దాకా కర్తరి. ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అంటారు, అగ్ని నక్షత్రం అంటారు. ఆ మూడున్నర వారాలు పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని గడప దాటించకు.

నీళ్ళ సంగతి చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు. 1989 మేలో పెళ్ళికని తిరువళ్ళూరు వెళ్ళి, మిట్టమధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చాం. మీ అన్నయ్యకి అప్పుడు మూడేళ్ళు. పొద్దున రెండుసార్లు విరేచనమైంది. దాహమంటే బస్టాండులో కూల్‌డ్రింకు కొనిచ్చాను. సాయంత్రానికి కళ్ళు లోతుకి పోయాయి, పిలిస్తే పలకడు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఒంటేలు ఎప్పుడు పోశాడమ్మా?" నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా సెలైను ఎక్కించారు. తెల్లారాక వాడు పక్క తడిపితే నేను ఏడ్చేశాను. ఆనాటినుంచీ ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో పిల్లల ఒంటేలు లెక్కపెడతాను.

నువ్వూ లెక్కపెట్టు. రంగు లేత పసుపు దాటి ముదిరితే నీళ్ళు చాల్లేదని. ఆరు గంటలు దాటినా పొయ్యకపోతే, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోతే, నాలుక పిడచకట్టుకుపోతే, మగతగా తల వాల్చేస్తే, ఇంట్లో కూర్చుని నన్ను అడగకు. ఆటో ఎక్కు. ఒళ్ళు పెనంలా కాలుతూ మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. జ్వరం మందు దానికి పనిచెయ్యదు. బట్టలు తీసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యి. స్పృహలేని పిల్ల నోట్లో నీళ్ళు పొయ్యకు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఇంట్లో ఉంచు. లీటరు ప్యాకెట్ని లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం సగం వద్దు. కలిపింది మర్నాటికి ఉంచొద్దు. చేతిలో లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అంచుకి సమంగా ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే చెంచా మీద పొంగినదాన్ని గీసేసి, అంచుకి సమంగా కొలువు. అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ పేరుతో చాలా ఏళ్ళు అమ్మారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదంది. పంచదార ఎక్కువైన నీళ్ళు విరేచనాల్ని పెంచుతాయి తల్లీ, అందుకే ఇంత చెబుతున్నాను.

బాబుకి పదో నెల కదా, నీ పాలే ముఖ్యం. ఎక్కువసార్లు ఇవ్వు. మధ్యమధ్య కాచి చల్లార్చిన నీళ్ళు, మెత్తగా పిసికిన పెరుగన్నం. ఉప్పూ పంచదారా వద్దు. మీ ఎదురింటావిడ బాబుకి తేనె నాకించమందట, ఏడాది నిండేదాకా కుదరదని మర్యాదగా చెప్పెయ్. పాపకి పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయ ముక్కతో పెట్టు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి చక్కగా పులుస్తుంది. ఉక్కబోత ఎక్కువైన రోజు మాత్రం ఆ గిన్నె ఫ్రిజ్‌లో పెట్టు.

ముంజలు వచ్చేశాయి. ఇక్కడ నుంగు అని అడగాలి. బండి దగ్గర నిలబడి, నీ కళ్ళ ముందు కాయ కొట్టించుకో. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదలాలి. గట్టిపడిన ముంజ పిల్లలకి కడుపునొప్పి తెస్తుంది. పాపకి చిన్న ముక్కలుగా, బాబుకి మాత్రం చిదిపి. ఒలిచిన తొక్కలు పారెయ్యకు, చెమటకాయల మీద రుద్దితే హాయిగా ఉంటుంది. మా అత్తగారు అలాగే చేసేవారు. ఆ చెమటకాయలకి నువ్వు అద్దే పౌడరు ఆపు. చెమటతో కలిసి పిండిలా గడ్డకడుతుంది. రెండు పూటలా నీళ్ళు పోసి, మెత్తటి పాత నేత చీర చింపి కుట్టిన జుబ్బా తొడుగు. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, ఐసు వేసిన చెరుకురసం మాత్రం ఎంత అడిగినా కొనొద్దు. కాయ మొత్తం తెచ్చి ఇంట్లో కొయ్యి.

పిల్లల రోజుని రెండు ముక్కలు చెయ్యి. అయిదున్నరకి లేస్తే ఎనిమిది దాకా వాళ్ళది. బీసెంట్ నగర్ బీచికి ఆ వేళకే వెళ్ళండి, ఒడ్డున ఇసుకలో ఆడనివ్వండి. మోకాలు తడిసేంత లోతుకి కూడా పిల్లల్ని దించొద్దు, మన తీరంలో అలలు లాగేస్తాయి. రెండో ముక్క సాయంత్రం అయిదున్నర తర్వాత. పార్కులో జారుడుబల్లని ముందు నీ అరచేత్తో తాకి చూడు, సాయంత్రానికి కూడా ఇనప బల్ల కాలుతూనే ఉంటుంది. మధ్యాహ్నాలు ఇంట్లో మరీ విసుగెత్తితే కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయానికి తీసుకెళ్ళు. పిల్లలకి ప్రత్యేకంగా విభాగముంది, చల్లగా ఉంటుంది. మీ స్టేషన్లో ఎంఆర్‌టీఎస్ రైలెక్కితే నేరుగా కోట్టూర్‌పురంలో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఆటో. పది లోపు వెళ్ళి, ఎండ దిగాక రా. బిర్లా నక్షత్రశాల కూడా ఆ రోడ్డులోనే. పాప ఇంకో ఏడాది ఎదిగాక అది బాగుంటుంది.

గుంటూరు ఎప్పుడు వెళ్ళనని అడిగావు. ఈ నెలలోనే వెళ్ళి, కర్తరికి ముందే వచ్చెయ్. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు. అమ్మకి బెంగ ఉంటుంది, నిజమే. కానీ మే చివర్లో ఆ వడగాలికి బాబుని తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. ప్రయాణం రాత్రి బండిలోనే.

ఇక నువ్వు. పిల్లలకి పట్టించి, నువ్వు తాగడం మర్చిపోతున్నావు. ఆ తలనొప్పి అందుకే. పాలిచ్చేదానివి. బాబుని ఒళ్ళోకి తీసుకునే ప్రతిసారీ పక్కన గ్లాసు నీళ్ళు ఉండాలి. ఒంటిగంటకి పిల్లలు పడుకున్నప్పుడు గిన్నెలు వదిలేసి నువ్వూ పడుకో. అంట్లు సాయంత్రం అల్లుడు కడుగుతాడు. నేను చెప్పానని చెప్పు.

శనివారం సాయంత్రం వస్తాను. నా దగ్గర వట్టివేళ్ళ తడక ఒకటుంది, మీ పడమటి బాల్కనీకి సరిపోతుంది. పొడిగా వేడిగాలి కొట్టే రోజున నీళ్ళు చల్లితే చాలు. పైన రెండు మేకులు కొట్టించి ఉంచు, కొలత ఆరడుగులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ