డేవ్ అండ్ బస్టర్స్‌లో కార్డు డబ్బులు త్వరగా అయిపోతున్నాయా?

అమెరికాలో ఆటల మెషీన్లు, రెస్టారెంటు, బార్ అన్నీ ఒకేచోట ఉండే డేవ్ అండ్ బస్టర్స్‌కి పిల్లలిద్దరితో వెళితే నలభై నిమిషాల్లో ఆటల కార్డు ఖాళీ అయిందని, ఈసారి బావగారిని, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తామని రాశారు కదండీ. పిల్లలిద్దరికీ ఒకే కార్డు ఇచ్చి ఉంటారు. విడివిడిగా తీసుకోండి. కొత్త కార్డుకు వేరే రుసుము పడొచ్చు కాబట్టి పాతది పారేయకండి, అందులోనే మళ్ళీ చిప్స్ (డబ్బిచ్చి కొనే ఆట పాయింట్లు) వేయించుకోవచ్చు.

చాలాచోట్ల బుధవారం ఆటలకు సగం చిప్సే పడతాయి, మీ బ్రాంచికి ఫోన్ చేసి అడగండి. ప్రతి మెషీన్‌కీ రేటు వేరు. కార్డు తగిలించే ముందు రీడర్ మీద అంకె చూడటం పిల్లలకు నేర్పండి. వీఆర్ (కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడేవి) లాంటివి ఒక్కసారికే చాలా చిప్స్ లాగేస్తాయి. చిప్స్ బదులు ఇంతసేపని ఆడుకునే టైమ్ కార్డు కొంటే రేసింగ్, షూటింగ్ లాంటి వీడియో ఆటలే వస్తాయి, బొమ్మలకు మార్చుకునే టిక్కెట్లిచ్చే ఆటలు సాధారణంగా అందులో రావు. కొనేముందే అడగండి, గొడవంతా ఇక్కడే. టిక్కెట్లు కార్డులోనే జమవుతాయి, వాటితో ఆ రోజే బొమ్మలు తీసుకోనక్కర్లేదు. నిజానికి అలాంటి బొమ్మ బయట కొంటేనే చవక.

ఇండియా నుంచి వచ్చిన మీ బావగారికి బార్‌లో మద్యం తాగాలంటే 21 ఏళ్ళు నిండినట్టు రుజువు కావాలి. మన ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందని నమ్మకం పెట్టుకోవద్దు, అసలు పాస్‌పోర్టే తెమ్మనండి. ఫోన్‌లో ఫొటో పనికిరాదు.

అమ్మానాన్నలు శాకాహారులన్నారు కాబట్టి ఫ్రైస్ ఆర్డరిచ్చే ముందు అదే నూనెలో చికెన్ వేయిస్తారా అని అడగండి. టేబుల్ దగ్గర తింటే టిప్పు 18–20 శాతం వేసుకోండి, బిల్లులో ముందే కలిపారేమో చూసి మరీ.