పాత లాప్‌టాప్ అయితే ఏది ఇచ్చినా తీసుకోవాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాగా చేస్తాను. మా బిడ్డ నల్లగొండలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతోంది. కొత్త లాప్‌టాప్ కొనే స్తోమత లేక సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) బిజినెస్ లాప్‌టాప్ రూ.17,500కు తీసుకున్నాం. ‘ఐ5 ఎయిత్ జనరేషన్, బ్యాటరీ మూడు గంటలు, మూడు నెలల వారంటీ’ అని దుకాణదారు వాట్సాప్‌లో పెట్టాడు. ఇంటికొచ్చి చూస్తే ప్రాసెసర్ (లాప్‌టాప్‌ను నడిపే ముఖ్యమైన చిప్) ఐ5-6300యూ అని ఉంది. అది సిక్స్త్ జనరేషన్ అంట. బ్యాటరీ 40 నిమిషాలు కూడా రావడం లేదు. బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్తే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫోన్ చేస్తే ‘పాత మాల్ అంటే ఇట్లనే ఉంటది, బిల్లు మీద రాసింది చూసుకో’ అన్నాడు. కచ్చా బిల్లు మీద ‘లాప్‌టాప్ 1, రూ.17,500, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని మాత్రమే ఉంది. కొని 12 రోజులైంది. మా పైసలు వస్తాయా?

జవాబు: వచ్చే అవకాశం బాగా ఉంది. టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చేయకండి.

ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మీరు పాత వస్తువని తెలిసే కొన్నారు. మీరు పంపిన ఫోటోల్లో మూత మీద గీతలు, అరిగి మెరుస్తున్న మీటలు కనిపిస్తున్నాయి. వాటి మీద ఫిర్యాదు చేస్తే నిలబడదు. బ్యాటరీ కొత్తదానిలా రాకపోయినా అదే మాట. కానీ ‘ఎయిత్ జనరేషన్’ అని రాసి సిక్స్త్ ఇవ్వడం పాతదనం కాదు, వేరే వస్తువు అంటగట్టడం. వర్ణన చెప్పి అమ్మినప్పుడు సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. పాత వస్తువులకు మినహాయింపేమీ లేదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. ఇలాంటి పాత మోడళ్లలో ఐ5 తర్వాత వచ్చే మొదటి అంకె చూడండి: 6300లో 6, 8250 లేదా 8350లో 8. అదే జనరేషన్. 6300యూలో రెండు కోర్లే (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఉంటాయి, 8250యూ, 8350యూలలో నాలుగు. అంతకన్నా ముఖ్యం, విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితాలో సిక్స్త్ జనరేషన్ ఇంటెల్ లేదు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ దాంట్లో విండోస్ 11 నడుస్తోందంటే దొడ్డిదారిన ఎక్కించారన్నమాట. ఇంకో రెండేళ్లు చదవాల్సిన పిల్లకు ఇది నిజమైన నష్టం. ఫిర్యాదులో ఈ విషయం తప్పకుండా రాయండి.

బ్యాటరీ సంగతికొస్తే, మీ అమ్మాయి తీసిన బ్యాటరీ రిపోర్ట్‌లో (బ్యాటరీ పరిస్థితి మీద విండోస్ ఇచ్చే లెక్కలో) తయారైనప్పటి సామర్థ్యం 46,500, ఇప్పుడు నిండా ఛార్జ్ అయితే 13,900 అని ఉంది. అంటే మూడో వంతు కూడా లేదు. మామూలుగా అయితే పాత బ్యాటరీ కదా అని వదిలేయమనేవాణ్ని. ‘మూడు గంటలు’ అని అతనే రాసిచ్చాడు కాబట్టి వదలనక్కర్లేదు.

‘వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. నాకు బాధనిపించేది అదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమే అనుచిత వ్యాపార పద్ధతి. మీకు ఇంకా 18 రోజులున్నాయి. ఈలోపే వాపసు అడిగినట్టు కాగితం మీద ఉండాలి. ఫోన్‌లో అడిగింది లెక్కకు రాదని కాదు, రుజువు చేయడం కష్టం. వాట్సాప్‌లో ఈ రోజే అడగండి. తర్వాత దుకాణం చిరునామాకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువు ఇచ్చి, రశీదు దాచండి. దీనికి వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు.

లాప్‌టాప్‌ను మీ ఊళ్లో ఎవరి దగ్గరా విప్పించకండి. ‘మీరే పార్టులు మార్చారు’ అనే మాట అతనికి దొరుకుతుంది. ఆన్ చేసిన దగ్గర నుంచి ప్రాసెసర్ పేరు కనిపించే దాకా ఆపకుండా ఒక వీడియో తీయండి. చాట్ డిలీట్ చేయకండి.

బయోస్ పాస్‌వర్డ్ ఒక్కటే చూసి దొంగ సరుకని అనుకోవద్దు. కంపెనీలు పాతవి తీసేసినప్పుడు పాస్‌వర్డ్ తీయకుండా వదిలేస్తుంటాయి. కానీ అడుగున సీరియల్ నంబర్ స్టిక్కర్ సగం గీకేసి ఉండటం నాకు నచ్చలేదు. ఎక్కడ కొన్నాడో కాగితం చూపమని నోటీసులో అడగండి. రీసెట్ చేశాక ఏదైనా సంస్థ పేరుతో లాగిన్ తెర వస్తే దాన్ని తప్పించే పని చేయకండి, అలాగే ఫోటో తీసి ఉంచండి.

అతను కదలకపోతే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది సికింద్రాబాద్‌లో అయినా, మీరు ఉండేది ఈ జిల్లా కాబట్టి నల్లగొండలోనే వేయొచ్చు. రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. మీరే వాదించుకోవచ్చు. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నడిచే తీరులో ఇంకా ఎక్కువే పడుతుంది. డబ్బు వాపసుతో పాటు ఖర్చులు, నష్టపరిహారం కూడా అడగండి.

నోటీసు అందగానే చాలామంది దుకాణదారులు ‘వేరేది ఇస్తా, రండి’ అంటారు. చదువు ఆగకూడదు కాబట్టి అది మంచి దారే. మీ అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడే ఆన్ చేసి ప్రాసెసర్ పేరు చూడండి, బ్యాటరీ రిపోర్ట్ తీయండి, బయోస్ తెరుచుకుంటుందో లేదో చూడండి. మోడల్, ప్రాసెసర్, సీరియల్ నంబర్, వారంటీ నెలలు బిల్లు మీద రాయించి, సంతకం, ముద్ర వేయించుకున్నాకే పాతది అతని చేతికివ్వండి.